గొలుసు ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ళే కొనాలి

మా వీధిలో నాకు తెలిసి పదకొండు ఇళ్ళలో పెంపుడు కుక్కలున్నాయి. వాటిలో ఎనిమిది ఇళ్ళలో పొద్దున్నే కుక్కను బయటికి తీసుకెళ్ళేది ఆడవాళ్ళే. పిల్లలు ముచ్చటపడ్డారనో, మగవాళ్ళు సరదాపడ్డారనో కుక్క ఇంటికొస్తుంది. మొదటి నెలంతా "నేనంటే నేను" అని పోటీలు పడతారు. ఆ తర్వాత స్కూలు బస్సొస్తుంది, ఆఫీసుకి టైమవుతుంది, కుక్క మన వంక చూస్తుంది. ఇది ఎలాగూ ఉన్న సంగతే, దాని మీద నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఆ కుక్కకి వేసే బెల్టు, గొలుసు దగ్గర. రోజూ పట్టుకునేది మనమైతే, ఏది కొనాలో నిర్ణయించేది మాత్రం కుక్కను ఆదివారం సాయంత్రం ఒక్కసారి తిప్పే మనిషి. ఆయనకు పెట్ షాపులో కుర్రాడు ఏది చూపిస్తే అది ఇంటికొస్తుంది.

మా లడ్డు లాబ్రడార్. నాలుగేళ్ళు, ముప్ఫై రెండు కిలోలు. నేను యాభై ఎనిమిది కిలోలు. లెక్కప్రకారం నాదే పైచేయి కావాలి. కానీ వాడికి నాలుగు కాళ్ళు, నాలుగు కాళ్ళకీ గోళ్ళు, భూమికి దగ్గరగా ఉండే ఒళ్ళు. నాకు రెండు కాళ్ళు, వాటికి చెప్పులు. చెత్తకుండీ దగ్గర బిర్యానీ పొట్లం కనపడిందంటే ఆ లెక్కలన్నీ తారుమారే. మా మొగల్రాజపురంలో కొండవాలు వీధులున్నాయి. దిగేటప్పుడు వాడు లాగితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

వాడికి ఎనిమిదో నెల వచ్చినప్పుడు మా వారు షాపు నుంచి తెచ్చిన సరంజామా ఇది: వెడల్పాటి తోలు బెల్టు, స్టీలు గొలుసు, చివర తోలు పిడి. చూడ్డానికి సినిమాలో జమీందారు కుక్కకి వేసినట్టు దర్జాగా ఉంది. వారం తిరిగేసరికి లడ్డు నడకంతా దగ్గే. మెడ మీద బరువంతా వేసి లాగడం, "ఖళ్ ఖళ్" మని దగ్గడం, మళ్ళీ లాగడం. మా వారు మళ్ళీ షాపుకెళ్తే ఈసారి ఇంకోటి చేతిలో పెట్టారు. లోపలివైపు ఇనుప మేకులుండే గొలుసు. "ఇది వేస్తే చచ్చినా లాగదు సార్" అన్నాడట. నేను దాన్ని నా మోచేతి పైన వేసుకుని లాగి చూపించాను. ఆ సాయంత్రమే వెనక్కిచ్చేసి వచ్చారు. అప్పటి నుంచి లడ్డు సామాను కొనే పని నాది.

అసలు కుక్క ఎందుకు లాగుతుంది? చాలామంది "మొండిది", "మనల్ని లెక్కచెయ్యడం లేదు", "యజమాని ఎవరో చూపించాలి" అంటారు. ఈ మాటలు నేను నమ్మను. దాని మామూలు నడకే మన నడకకంటే వేగం. వాసన దాని న్యూస్‌పేపరు. ప్రతి కరెంటు స్తంభం దగ్గరా రాత్రి ఎవరొచ్చారో, ఏం తిన్నారో అన్నీ రాసుంటాయి. స్తంభం వైపు లాగింది, మనం రెండడుగులు వేశాం, స్తంభం వచ్చింది. లాగితే పని జరుగుతుందని మనమే నేర్పుతున్నాం, రోజుకు వంద సార్లు. పైగా వెనక్కి లాగితే ముందుకి తన్నుకోవడం ఏ జంతువుకైనా సహజం. దూడ మెడకి పలుపు వేసి లాగిచూడండి, నాలుగు కాళ్ళూ నేలకి తన్ని నిలబడుతుంది. అది కూడా మొండితనమే అంటామా?

మెడ సంగతి చెప్పాలి. పైన దట్టంగా బొచ్చుండేసరికి కుక్క మెడ అంటే ఏదో చెట్టు మొద్దులా అనుకుంటాం. లోపల మనకున్నవే ఉంటాయి. శ్వాసనాళం, ఆహారనాళం, మెదడుకెళ్ళే రక్తనాళాలు, థైరాయిడ్. 2006లో ఒక పరిశోధనలో మెడకి వేసిన బెల్టు లాగినప్పుడు కుక్కల కంట్లో ఒత్తిడి పెరిగిందనీ, హార్నెస్‌తో లాగినప్పుడు అలా పెరగలేదనీ తేలింది. కంటి జబ్బులున్న కుక్కలకి ఇది చిన్న విషయం కాదు. 2020లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీ వాళ్ళు కుక్క మెడ నమూనా ఒకటి తయారుచేసి దానికి రకరకాల బెల్టులు వేసి లాగి చూశారు. మెత్తటివి, వెడల్పువి, అన్నీ పరీక్షించారు. లాగే కుక్కకి దెబ్బ తగిలే ప్రమాదం లేనంత తక్కువ ఒత్తిడి వాటిలో ఒక్కదానికీ రాలేదు. అంటే "మంచి కంపెనీ బెల్టు, మెత్తగా ఉంది" అనే మాట లాగని కుక్కకే వర్తిస్తుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ఊపిరే కష్టం. బుల్లి పామరేనియన్లకి శ్వాసనాళం మెత్తబడి మూసుకుపోయే జబ్బు ఎక్కువ. వాటి మెడకి గొలుసు తగిలించి లాగుతుంటే నాకు చూడబుద్ధి కాదు.

అలాగని మెడ పట్టీ తీసి పారేయమనడం లేదు. లడ్డుకి పల్చటి నైలాన్ పట్టీ ఎప్పుడూ ఉంటుంది. దానికి మా ఫోన్ నంబరు చెక్కించిన బిళ్ళ, మున్సిపాలిటీ లైసెన్సు బిళ్ళ. అది వాడి అడ్రసు. నడిపించే తాడు మాత్రం దానికి కట్టను.

ఇంక మేకుల గొలుసు, ఉచ్చులా బిగుసుకునే గొలుసు. ఇవి పనిచెయ్యవని నేననను. పనిచేస్తాయి. నొప్పి పుడితే ఎవరైనా ఆగుతారు. కానీ ఆ నొప్పి ఎందుకొచ్చిందని కుక్క అనుకుంటుందో మనకేం తెలుసు? ఎదురుగా చిన్నపిల్ల సైకిల్ మీద వస్తోంది, లడ్డు ఆనందంతో ముందుకు దూకాడు, మెడలో మేకులు గుచ్చుకున్నాయి. వాడి మనసులో ఆ నొప్పి లాగడానికి ముడిపడుతుందా, సైకిల్ మీది పిల్లకి ముడిపడుతుందా? పది రోజులు అలా జరిగాక పిల్లని చూడగానే గుర్రుమనడం మొదలుపెడితే "మంచిగా ఉండేది, ఈ మధ్య పిచ్చెక్కింది" అంటాం. జంతువుల ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో ఇదే మాట చెప్పింది, కుక్కల శిక్షణలో నొప్పి, భయం వద్దు, మెచ్చుకుని నేర్పే పద్ధతే వాడండి అని. స్విట్జర్లాండులో మేకుల గొలుసు నిషేధం. వేల్స్ 2010లోనే కరెంటు షాక్ ఇచ్చే బెల్టుల్ని నిషేధించింది. మన దగ్గర అవి బిస్కెట్ల పక్కన వేలాడదీసి అమ్ముతున్నారు.

దీనికి ఇంట్లో వచ్చే జవాబు నాకు తెలుసు. "నువ్వు పడిపోతే? నడుం విరిగితే? అప్పుడు జాలి చూపిస్తుందా నీ కుక్క?" ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. మా పై ఫ్లాట్ వదినగారికి యాభై తొమ్మిదేళ్ళు. వాళ్ళ జర్మన్ షెపర్డ్ పిల్లి వెంట ఒక్కసారి దూకితే గొలుసు మణికట్టుకి చుట్టుకుని ఉండటంతో ఆవిడ బోర్లా పడ్డారు. మణికట్టు ఎముక విరిగింది, ఆరు వారాలు కట్టు. కుడిచెయ్యి. ఆ ఆరు వారాలు ఆ ఇంట్లో వంట ఎవరు చేశారు, ఆవిడ జడ ఎవరు వేశారు, అదంతా ఇంకో వ్యాసం. కుక్కను మాత్రం ఇంకెవరూ తిప్పలేదు. సెల్లార్లో స్తంభానికి కట్టేశారు. రెండు నెలలు కట్టేసి ఉండేసరికి అది వచ్చేపోయేవాళ్ళందరి మీదా అరవడం మొదలుపెట్టింది. అసోసియేషన్ మీటింగులో గొడవైంది. చివరికి నూజివీడు దగ్గర ఎవరిదో మామిడితోటకి ఇచ్చేశారు. వదినగారు ఇప్పటికీ దాని స్టీలు గిన్నె కడిగి షెల్ఫులోనే పెట్టుకున్నారు.

అందుకే ఇది షోకు వస్తువుల గొడవ కాదంటున్నాను. లాగే కుక్కను తిప్పడం మానేస్తారు, తిప్పని కుక్కను కట్టేస్తారు, కట్టేసిన కుక్కకి పిచ్చెక్కుతుంది, పిచ్చెక్కిన కుక్కను వదిలించుకుంటారు. మా చుట్టుపక్కల మూడు ఇళ్ళలో ఈ వరస కళ్ళారా చూశాను. మొదటి మెట్టు దగ్గరే ఆపాలంటే కుక్క మెడా మన చెయ్యీ రెండూ దెబ్బతినని సాధనం కావాలి.

ఒక చిన్న సంగతి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో పదకొండో సెక్షన్ చదివితే నాకు ఆశ్చర్యమేసింది. మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో జంతువును ఎక్కువసేపు కట్టేయడం నేరం. అంతవరకు ఊహించవచ్చు. ఎప్పుడూ గొలుసుతో కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా నేరమేనని అందులో విడిగా రాశారు. జరిమానా మాత్రం మొదటిసారికి పది రూపాయల నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్ళ క్రితం ధరలు మరి! పది రూపాయలకి ఇప్పుడు లడ్డుకి ఒక బిస్కెట్ ప్యాకెట్ రావడం కష్టం.

సరే, ఏం కొనాలి? నా ఓటు హార్నెస్‌కి, అదీ ఛాతీ ముందు కొక్కెం ఉన్న హార్నెస్‌కి. షాపులో హార్నెస్ అడిగితే మామూలుగా వీపు మీద కొక్కెం ఉన్నది ఇస్తారు. మెడకి హాయి, నిజమే. కానీ ఎద్దుకి కాడి ఎందుకు వేస్తారు? బరువంతా భుజాల మీద వేసి హాయిగా లాగడానికి. మంచుదేశాల్లో బండి లాగే కుక్కలకి తొడిగేవీ ఇలాంటివే. లాగే కుక్కకి వీపు కొక్కెం హార్నెస్ వేసి, ఇంకా ఎక్కువ లాగుతోందని బాధపడే వాళ్ళని చూశాను. దాని తప్పేముంది, కాడి కట్టాం, దున్నుతోంది. నిదానంగా నడిచే ముసలి కుక్కకి, బుల్లి కుక్కలకి అది సరిపోతుంది. లడ్డు లాంటి వాళ్ళకి కాదు.

ఛాతీ ముందు కొక్కేనికి తాడు కడితే కుక్క ముందుకు తన్నుకున్నప్పుడు దాని ఒళ్ళు పక్కకి, మనవైపుకి తిరుగుతుంది. బలమంతా వేసి లాగే వీలుండదు. బలం మీద బలం కాదు, దిక్కు మార్చడం. లడ్డుకి మొదటిరోజే తేడా కనిపించింది. కానీ మంత్రం వేసినట్టు లాగడం మానేస్తాడని చెప్పను. సగానికి తగ్గుతుంది. ఆ మిగతా సగానికి వేరే పని చెయ్యాలి, అది తర్వాత చెప్తాను.

కొనేటప్పుడు చూడాల్సింది ఆకారం. ఎదురుగా నిలబడి చూస్తే ఛాతీ మీద పట్టీ ఇంగ్లీషు వై అక్షరంలా ఉండాలి. భుజాల మీదుగా అడ్డంగా, మన చీర కుచ్చిళ్ళ మీద వడ్డాణం పెట్టినట్టు పోయే పట్టీ కాళ్ళు ముందుకు వేసే చోటే అడ్డుపడుతుంది. వై ఆకారంలో ఉన్నా భుజం కదలిక కొంత తగ్గుతుందని 2019లో ఒక పరిశోధనలో కొలిచి చెప్పారు. అందుకే నేను నడక అయిపోగానే విప్పేస్తాను. ఇంట్లో రోజంతా తొడిగి ఉంచను. చంకల దగ్గర పట్టీ ఒరుసుకోకూడదు. ముందు కాలి వెనక కనీసం మూడు వేళ్ళ దూరంలో ఉండాలి. ఎక్కడైనా పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, మూడోది దూరితే వదులు.

కొలతలు తీసుకోకుండా షాపుకి వెళ్ళకండి. బ్లౌజు కొలతల టేపు చాలు. మెడ మొదలు, ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, ఈ రెండే ముఖ్యం. నేను వరండాలో కూర్చుని లడ్డు ఛాతీ కొలుస్తుంటే అత్తయ్యగారు "ఏమే, వాడికి జాకెట్టు కుట్టిస్తున్నావా? లైనింగ్ కూడా వేయించు" అన్నారు. ముప్ఫై ఒక్క అంగుళాలు. డబ్బా మీద "లాబ్రడార్ సైజు" అని రాసి ఉంటే నమ్మొద్దు. లాబ్రడార్లలో సన్నవాళ్ళున్నారు, మా వాడి లాంటి వాళ్ళున్నారు. పదకొండు వందలు పెట్టి కొన్నాను. గొలుసు సెట్టు మూడొందలకి వస్తుందని అత్తయ్యగారు గుర్తుచేశారు. మణికట్టు కట్టుకి ఎంతవుతుందో పై ఫ్లాట్ వదినగారినే అడగమన్నాను. ఆవిడ నిజంగానే వెళ్ళి అడిగొచ్చారు. మళ్ళీ ధర మాట ఎత్తలేదు.

మన దేశవాళీ కుక్కలకి ఒక చిక్కుంది. వీధికుక్క పిల్లని తెచ్చి పెంచుకునేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు, సంతోషం. వాటి తల సన్నం, మెడ తలకంటే లావు. బెదిరితే వెనక్కి నడిచి పట్టీలోంచి తల తీసేసి క్షణంలో మాయమవుతాయి. రాజపాళయం, ముధోల్ లాంటి వేటకుక్కలదీ అదే తీరు. వాటికి మార్టింగేల్ అనే పట్టీ ఉంది. లాగినప్పుడు కొద్దిగా బిగుసుకుంటుంది, కానీ ఒక హద్దు దాటి బిగుసుకోదు. సరిగ్గా సర్దితే ఊపిరి ఆడుతుంది, తల మాత్రం బయటికి రాదు. బెదురు కుక్కకి హార్నెస్ ఒకటి, ఈ పట్టీ ఒకటి, రెండింటినీ కలుపుతూ ఒక చిన్న తాడు. దీపావళి వారంలో నేను లడ్డుక్కూడా అలాగే కలిపి కడతాను. ఎక్కడో లక్ష్మీబాంబు పేలితే ఎంత మంచి కుక్కయినా మన మాట వినదు. ఆ వారం రోజుల్లో తప్పిపోయిన కుక్కల ఫోటోలు మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఏటా వస్తాయి.

మీ కుక్క మీకంటే మరీ బలమైనదైతే, లేదా మీకు నడుంనొప్పో మోకాళ్ళ నొప్పో ఉంటే, తలకి తొడిగే హాల్టర్ ఉంది. గుర్రానికి కళ్ళెం వేసినట్టు మూతి మీదుగా ఒక పట్టీ, చెవుల వెనక ఒక పట్టీ. ముక్కు ఎటు తిరిగితే ఒళ్ళు అటు తిరుగుతుంది. జెంటిల్ లీడర్ అనే దాన్ని 1980లలో అమెరికాలో ఆర్.కె. ఆండర్సన్ అనే పశువైద్యుడు, రూత్ ఫోస్టర్ అనే శిక్షకురాలు కలిసి తయారుచేశారు. చూసినవాళ్ళు మూతికి బుట్ట కట్టారనుకుంటారు. కాదు, అది వేసుకుని కుక్క తినొచ్చు, తాగొచ్చు, అరవొచ్చు. కానీ రెండు జాగ్రత్తలు. తాడు ఎప్పుడూ గుంజకూడదు, తల ఒక్కసారి పక్కకి తిరిగితే మెడ పట్టేస్తుంది. ఇంకోటి, మొదటిరోజే తొడిగి వీధిలోకి తీసుకెళ్తే ముక్కును నేలకేసి రాసుకుంటూ నానా అల్లరి చేస్తుంది. వారం, పది రోజులు ఇంట్లోనే చూపించి తినిపించి, తొడిగి తినిపించి, విప్పి, అలా అలవాటు చెయ్యాలి. ఆ ఓపిక లేకపోతే జోలికెళ్ళకండి. చప్పిడి మూతి కుక్కలకి అసలు నిలవదు.

తాడు గురించి ఎవరూ మాట్లాడరు గానీ మన చేతిలో ఉండేది అదే. స్టీలు గొలుసు వేలికి చుట్టుకుంటే వేలు పోతుంది, ఎండలో కాలుతుంది. సన్నటి నైలాన్ తాడు జారితే అరచెయ్యి చీరేస్తుంది. బటన్ నొక్కితే సాగేది, మళ్ళీ డబ్బాలోకి చుట్టుకునేది ఒకటుంది, అది నాకు అస్సలు నచ్చదు. లాగితేనే తాడు పెరుగుతుంది, అంటే లాగమని పాఠం చెప్తున్నట్టే. పైగా మన వీధుల్లో కుక్క ఐదు మీటర్ల ముందుంటే మధ్యలోంచి బైకు వస్తుంది. నేను వాడేది ఒకటింపావు అంగుళం వెడల్పున్న మందపాటి నూలు తాడు, ఆరడుగులు. ఉతికేకొద్దీ మెత్తబడుతుంది.

పట్టుకునే పద్ధతి కూడా ఉంది. మణికట్టుకి చుట్టుకోవద్దు, వదినగారికి అయింది అందుకే. ఉచ్చును బొటనవేలికి తగిలించి మిగతా తాడు అరచేతిలో మడతలుగా పట్టుకుంటే పట్టు ఉంటుంది, మరీ ప్రమాదమైతే వదిలేయనూ వచ్చు. గాజు గాజులు ఆ చేతికి తీసేసి వెళ్ళండి. చున్నీ ముడి వేసుకోండి. హవాయి చెప్పులతో అస్సలు వద్దు, వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకోండి. నైటీ మీద బూట్లేసుకుంటే వాచ్‌మన్ నవ్వుతాడు. నవ్వనివ్వండి.

ఇప్పుడు మిగతా సగం. ఏ సాధనమైనా నేర్పించడానికి తీరిక ఇస్తుందే గానీ, అదే నేర్పదు. నేను చేసిందేంటంటే, తాడు బిగుసుకోగానే ఆగిపోవడం. అరవడం లేదు, గుంజడం లేదు. నిలబడి పోవడం. లడ్డు ముందు లాగుతాడు, తర్వాత ఏమైందా అని వెనక్కి చూస్తాడు. ఆ చూపులో తాడు వదులవుతుంది. వదులవగానే "శభాష్" అని క్యారెట్ ముక్కో ఉడికించిన గుడ్డు తెల్లసొన ముక్కో ఇచ్చి అడుగేస్తాను. ముక్కను మన కాలి పక్కనే ఇవ్వాలి, ముందుకి చాపి ఇస్తే ముందుకే నడుస్తాడు. మొదటి వారం మా గేటు నుంచి మూలనున్న కిరాణా కొట్టు దాకా వెళ్ళడానికి పాతిక నిమిషాలు పట్టింది. పాలప్యాకెట్ల అబ్బాయి "ఏంటి మేడమ్, బ్యాటరీ అయిపోయిందా" అని అడిగాడు. మూడు వారాలకి తాడు ఎక్కువసేపు వదులుగానే ఉంటోంది. ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటించాలి. మా అబ్బాయి సెలవులకొచ్చి వాడితో పరుగులు పెట్టిస్తే నాకు మళ్ళీ నాలుగు రోజుల పని. అందుకే వాడికి చెప్పాను, పరుగెత్తాలంటే వీపు కొక్కేనికి కట్టుకో, ముందు కొక్కెం నాది అని. లడ్డుకి ఆ తేడా తెలుసు.

స్తంభాల దగ్గర మాత్రం ఆగనివ్వండి. తాడు వదులుగా ఉంటే ఎంతసేపు కావాలంటే అంతసేపు వాసన చూడనిస్తాను. అదే వాడికి అసలైన బహుమతి, క్యారెట్ ముక్క ఉత్తదే. మన నడక కిలోమీటర్లలో లెక్కేసుకోవడానికి కాదు వాడొచ్చింది.

బెజవాడ ఎండల సంగతి చెప్పకుండా ఎలా? రోహిణీకార్తెలో మేం ఐదున్నరకే బయల్దేరి ఆరున్నరలోపు ఇంట్లో ఉంటాం. మెత్తలు దట్టంగా కుట్టిన హార్నెస్ అంగడిలో ముద్దుగా కనిపిస్తుంది, ఇక్కడి ఉక్కపోతకి అది కంబళి కప్పినట్టే. సన్నటి జాలీ గుడ్డ ఉన్నదే మేలు. వానాకాలంలో తడిసిన పట్టీ కింద చర్మం పాసి ఎర్రగా కందుతుంది, పిడుదులు అక్కడే దాక్కుంటాయి. తడిస్తే విప్పి, ఒళ్ళు తుడిచి, ఆరిన తర్వాతే మళ్ళీ తొడగండి. నేను రెండు కొనుక్కున్నాను, ఒకటి ఆరుతుంటే ఒకటి.

వదినగారు పోయిన వారం మా ఇంటికొచ్చి లడ్డు హార్నెస్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. మళ్ళీ కుక్కను తెచ్చుకుంటారట, ఈసారి చిన్నది. వాళ్ళాయన వద్దంటున్నారు, పిల్లలు ఆలోచిద్దామంటున్నారు. "టేపు ఒకసారి ఇస్తావా, ఎలా కొలవాలో చూపించు" అన్నారు. లడ్డుని పిలిచి నిలబెట్టాను. చెయ్యి ఇంకా పూర్తిగా తిరగడం లేదు ఆవిడకి, టేపు ఒక కొస నేను పట్టుకున్నాను.